డబ్బా మీద కాటుక గీత

కందిపప్పు ఉడకలేదు. గరిటెతో ఎంత మెదిపినా పలుకుపలుకుగానే ఉండిపోయింది. ఆ తప్పు ఎవరిదన్న దగ్గర పేచీ మొదలైంది.

“నాలుగు విజిల్స్ వచ్చాకే కట్టేశాను,” అన్నాడు మల్లికార్జునరావు, కంచంలోని పప్పును వేలితో నొక్కి చూసుకుంటూ. “స్నానానికి వెళ్తూ నువ్వే చెప్పావు, నాలుగు రాగానే కట్టెయ్యండని. నాలుగూ ఈ చెవులతో విన్నాను.”

“నాలుగొస్తే పప్పు ఇలా ఉండదు. పేపర్లో తల దూర్చి రెండు విని ఉంటారు.”

“బ్యాంకులో కోట్లు లెక్కపెడతాను. కుక్కరు కూతలు లెక్కపెట్టలేనా?”

“ఆ కోట్లు మిషను లెక్కపెడుతుంది,” అంది విశాలాక్షి.

మనోజ్ఞ చారు గిన్నెలో నవ్వు దాచుకోబోయింది. సరిగ్గా అప్పుడు వంటింటి వెనక బాల్కనీలోంచి కుక్కరు కూత వినిపించింది. నిండుగా, చివర్లో కాస్త సాగదీసి. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుక్కరేమో మూత తీసి బల్ల మీదే ఉంది.

“నాన్నా, ఆ మిగతా రెండూ దానివే!” అంది మనోజ్ఞ. కుర్చీలోంచి జారి పడేంతగా నవ్వింది.

మల్లికార్జునరావు ఎడమచేత్తో మాస్కు సర్దుకోబోయి, ఇంట్లో మాస్కు లేదని గుర్తొచ్చి, మీసం సర్దుకున్నాడు. “చూశావా, నా లెక్క తప్పలేదు,” అన్నాడు.

విశాలాక్షి పప్పు గిన్నె తీసుకుని మళ్ళీ పొయ్యి మీద పెట్టడానికి లేచింది. బాల్కనీ గుమ్మంలో ఆగి పంజరం వంక చూసింది. తెల్లటి పక్షి, చిన్న కోడంత ఉంది. తలమీద పసుప్పచ్చ తురాయి విసనకర్రలా విప్పి, ముడిచి, ఒక కన్ను ఆమె మీదే పెట్టి నిలబడింది. ఆస్ట్రేలియా జాతి, కాకటూ అంటారట. భర్త కింద పనిచేసే ఫణి లాక్‌డౌన్‌లో తోడు కోసం పెంచుకున్నాడు. ఇప్పుడు భుజ్‌కు బదిలీ అయి, ఇల్లు దొరికేదాకా ఉంచుకోమని రెండు వారాల కిందట తెచ్చి దింపాడు. “వారంలో పట్టుకుపోతాను మేడమ్,” అన్నవాడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆమెకు ఆ పక్షి మీద అనుమానాలు చాలానే ఉన్నాయి. దాని రెట్టలో ఏ రోగముందో, అది రాల్చే పొట్టులో ఏ పురుగుందో, అది గొంతు చించుకుంటే అపార్ట్‌మెంట్ సొసైటీ వాళ్ళు ఏమంటారో. అందుకే పంజరం తలుపు రోజూ తనే చూసుకునేది. పైకి లేపి వదిలితే తనంతట జారి ‘టక్’మని పడే తలుపు. పడిందని చేత్తో తట్టి చూస్తేగాని ఆమెకు తృప్తి లేదు.

*

కరోనా రెండో వేవ్‌లో మల్లికార్జునరావు పన్నెండు రోజులు వెనకగదిలో ఒంటరిగా పడుకుని లేచాడు. అప్పటినుంచి ఆయనకు రోజూ పొద్దున నానబెట్టిన బాదంపప్పు పెట్టమన్నాడు డాక్టరు. బాదం ఉన్నది వంటగట్టు మీద, గోడకు ఆనించి వరసగా పేర్చిన డబ్బాల్లో చివరిది. అన్నీ ఒకే రకం పారదర్శకపు డబ్బాలు. ఒకవైపు మడతబందు, లేపి వదిలితే మూసుకునే మూత. ప్రతి డబ్బా మీదా విశాలాక్షి చేతిరాతతో పేరు అంటించి ఉంటుంది.

ఆ బాదం తగ్గవలసిన దానికంటే ఎక్కువ తగ్గుతోంది.

మొదట కళ్ళు మోసం చేస్తున్నాయేమో అనుకుంది. మర్నాడు పొద్దున భర్తకు నానబెట్టవలసినవి తీశాక, డబ్బాను కిటికీ వెలుగులో పట్టుకుని, పప్పు ఎంతవరకు ఉందో అక్కడ వెనకవైపు కాటుక పెన్సిల్‌తో సన్నగా గీత గీసింది. ఎదర నుంచి చూస్తే కనబడదు. సాయంత్రం చూసేసరికి పప్పు ఆ గీత కంటే కిందికి దిగింది.

మధ్యాహ్నం ఇంట్లో ఉండేదెవరు? భర్త బ్యాంకులో. మనోజ్ఞ గది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి ఆన్‌లైన్ క్లాసులో. తను మంచం మీద కాసేపు నడుం వాలుస్తుంది. ఆ వేళకే పనిమనిషి పోశమ్మ వచ్చి గిన్నెలు తోముతుంది.

మర్నాడు నడుం వాల్చిందేగాని విశాలాక్షి కళ్ళు మూయలేదు. కుళాయి నీళ్ళ చప్పుడు, పీచు రాపిడి, వాటి మధ్య పోశమ్మ గొంతు.

“ఏందిరా టోపీ దొరా, గట్ల సూస్తవ్? నీకు కలెక్టర్ నౌకరీ ఏమన్న వచ్చిందా? జర జరుగు, నీ బువ్వ గిన్నె కడగాలె.”

పక్షి గొంతులోంచి ఏదో గురగుర. కుళాయి ఆగింది. బాత్రూంలో పోశమ్మ బట్టలు పిండుతున్న చప్పుడు, కాసేపటికి అదీ ఆగింది. అంతలో వంటింట్లోంచి సన్నగా ‘టక్’.

మూత పడిన చప్పుడే. లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చు. వెళ్ళలేదు. పట్టుకుంటే ఏమనాలో ముందు తేల్చుకోవాలి కదా అనుకుని పడుకునే ఉంది. కాసేపటికి మరో ‘టక్’.

సాయంత్రం పోశమ్మ చీపురు పడుతుంటే, పోపులు సర్దుతున్నట్టు నటిస్తూ పైకే అంది. “ఈ బాదంపప్పు ఏమిటో, ఇలా కొంటే అలా అయిపోతోంది.”

“అన్నీ పిరమైనయమ్మా,” అంది పోశమ్మ, నడుం వంచి చీపురు ఆడిస్తూనే. “మంచినూనె కూడ ముట్టేటట్టు లేదు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. పోశమ్మ తడుముకోలేదు. చెయ్యి ఆగలేదు, చీపురు తడబడలేదు. ఆరితేరిన మనిషి తడుముకోదు అనుకుంది విశాలాక్షి.

ఎదురింటి రాజమ్మ భర్త రైల్వేలో పనిచేస్తాడు. పోశమ్మ వాళ్ళింట్లోనూ చేస్తుంది. బట్టలు ఆరేసే వేళ రెండు బాల్కనీల మధ్య మాట వచ్చింది. విశాలాక్షి ఎవరి పేరూ ఎత్తలేదు. “డబ్బాల్లో సరుకు నిలవడం లేదండీ,” అంది, అంతే.

రాజమ్మ నోట్లోని క్లిప్పు తీసి తీగకు తగిలించింది. “నాకూ అనుమానంగానే ఉంది సుమండీ. మొన్న జీడిపప్పు...” అని మిగతాది తడి తువ్వాలు దులిపి పూర్తిచేసింది.

శుక్రవారం సాయంత్రం విశాలాక్షి డబ్బా తిప్పి చూసింది. గీత లేదు. తడిగుడ్డతో తుడిచేసినట్టు, నల్లగా ఒక మసక మాత్రం మిగిలింది.

ఇంకేం కావాలి? గీత కనిపెట్టింది, చెరిపేసింది. ప్రతి శుక్రవారం గట్టు మీది డబ్బాలన్నీ తడిగుడ్డతో తుడవాలని పోశమ్మకు చేరిన రోజే నేర్పింది తనేనన్న సంగతి ఆ క్షణాన ఆమె తలపులోకే రాలేదు.

*

దొంగతనం అన్న మాట నోటితో అనడం విశాలాక్షికి చేతకాదు. అంటే ఏడుపు, ఒట్లు, మెట్ల మీద జనం. అవన్నీ లేకుండా పని జరిగే మార్గం ఆ ఏడాది ప్రతి ఇంట్లోనూ సిద్ధంగా ఉంది.

శనివారం పోశమ్మ గిన్నెలు బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ రెండుసార్లు దగ్గింది.

“దగ్గుతున్నావేం పోశమ్మా?”

“గిది పాత దగ్గేనమ్మా. మా ఆయన సాంచెల కాడికి బువ్వ తీస్కపోత గద, ఆ నూలు దుమ్ముకు వస్తది.”

“దుమ్మో ఏమో, ఎలా తెలుస్తుంది? అయ్యగారు చావు తప్పి లేచారు. కొన్నాళ్ళు రావొద్దు. నేనే కబురు చేస్తాను.”

పోశమ్మ ముందు నవ్వబోయింది. తర్వాత విశాలాక్షి మొహం చూసి, మెడలో వేలాడుతున్న మాస్కు పైకి లాక్కుంది. గుమ్మంలోంచి రెండడుగులు వెనక్కి జరిగింది. “జెరం లేదమ్మా నాకు. ముట్టి సూడుండ్రి,” అనబోయి, ముట్టమనడం తప్పని తోచిందేమో, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వెళ్ళిరా పోశమ్మా.”

“ఎన్ని దినాలమ్మా?”

“చెప్తానన్నానుగా.”

ఆ సాయంత్రానికే రాజమ్మ కూడా పోశమ్మను మానిపించింది. ఉన్నవి ఆ రెండిళ్ళే. మొదటి లాక్‌డౌన్‌లో పోయిన మూడో ఇల్లు మళ్ళీ దొరకలేదు. ఊరి చివర గోడాదరాలో వాళ్ళు అద్దెకున్న గది, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, భర్త దశరథానికి సగానికి తగ్గిన పాళీలు, అదే షిఫ్టులు, ఇవన్నీ విశాలాక్షికి తెలిసినవే. తెలిసే డబ్బా మీద కొత్తగా ఇంకో గీత గీసి, ఇప్పుడిక నిలుస్తుంది చూడు అనుకుంది.

ఆదివారం భోజనాల దగ్గర మనోజ్ఞ ఫోను మధ్యలో నిలబెట్టింది. సిడ్నీలో ఎవరో తీసిన వీడియో. వీధి వెంట చెత్త తొట్లు. వాటి మీద అచ్చం ఫణి పక్షిలాంటివి, కాకుల్లాగా గుంపుగా. ఒకటి ముక్కుతో మూత అంచు పట్టి లేపి, కాలితో నెట్టుకుంటూ పక్కకు నడిచి, మూత వెనక్కి పడేసింది. మిగతావి లోపలికి దూకాయి.

“చూడమ్మా, అక్కడ వీటికి ఓనర్ ఎవడూ లేడు. చెట్ల మీదే ఉంటాయి. బిందాస్! ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయంట.”

ఫోనులోని అరుపులు వినగానే బాల్కనీలో పక్షి ఊచల మీదికి ఎగబాకింది. తురాయి విప్పి, ఇంతకుముందు ఎప్పుడూ వినని గొంతుతో అరిచింది. మళ్ళీ అరిచి, జవాబు కోసం అన్నట్టు మెడ వంచి ఆగింది. వీడియో అయిపోయింది.

“పాపం,” అన్నాడు మల్లికార్జునరావు.

“పాపమేమిటి? వీధి దొంగలు,” అని విశాలాక్షి పెరుగు వడ్డించింది.

*

సోమవారం సాయంత్రం బాదంపప్పు మళ్ళీ గీత కంటే కిందికి దిగింది.

విశాలాక్షి డబ్బాను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. పోశమ్మ గడప తొక్కి రెండు రోజులైంది. తాళం చెవి ఆమె దగ్గర లేదు.

మనోజ్ఞ గదిలోకి వెళ్ళి నిలబడింది. “బాదంపప్పు తింటున్నావా?”

కూతురు హెడ్‌ఫోను తీసి, “క్యా?” అంది.

“డబ్బాలో బాదం. నువ్వు తింటున్నావా అని.”

“నాకు బాదం అంటేనే చిరాకు. ఎందుకు?”

విశాలాక్షి కూతురి దగ్గర నిజం దాచలేక, గీత సంగతి చెప్పింది. పోశమ్మ సంగతీ చెప్పింది. మనోజ్ఞ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

“అంటే దగ్గు కాదా? మమ్మీ, పోశమ్మ మొన్న వెళ్తూ గేటు దగ్గర నాతో కూడా దూరంగా నిలబడి మాట్లాడింది. తనకేదో రోగం ఉందేమోనని భయపడుతోంది.” హెడ్‌ఫోను బల్ల మీద పెట్టి అంది, “నామీద అనుమానం వస్తే నన్ను అడిగావు. ఆమెను అడగను కూడా లేదు.”

విశాలాక్షి వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచింది. రాత్రి భర్తనూ అడిగింది. ఆయన, “నువ్వు పెట్టినవే తినలేక ఒకటి ఆ పక్షికి పడేస్తున్నాను,” అన్నాడు. ఆ మాట ఆమె చెవిలో ముల్లులా ఉండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం మంచం మీద పడుకుని వింది. వాన పడుతోంది. కుళాయి చప్పుడు లేదు, పోశమ్మ గొంతు లేదు.

‘టక్.’

చెప్పులు వదిలి, గోడ పట్టుకుని, ఫ్రిజ్ చాటుకు వచ్చి నిలబడింది.

పక్షి పంజరం బయట ఉంది. తలుపు వెనకాల మూసుకునే ఉంది. వాషింగ్ మెషీన్ మీదుగా, తన పొలం చూసుకోవడానికి వచ్చిన ఆసామిలా అటూ ఇటూ తల తిప్పుకుంటూ గట్టు మీదికి నడిచింది. ఆవాలు, మెంతులు, పల్లీలు దాటింది. చివరి డబ్బా దగ్గర ఆగింది. ముక్కుతో మూత అంచు పట్టి లేపింది. కాలు అడ్డం పెట్టి, తల దూర్చి, ఒక బాదం తీసుకుంది. మూత జారి ‘టక్’మంది. సగం కొరికి, మిగతాది వాషింగ్ మెషీన్ వెనకాలకు విసిరేసింది. మళ్ళీ మూత లేపింది.

చాలుననిపించాక వచ్చిన దారినే వెళ్ళింది. పంజరం తలుపును కింద నుంచి ముక్కుతో ఎత్తి, మెడ మీద మోస్తూ లోపలికి దూరింది. తలుపు దానంతట పడింది. పక్షి కొయ్య మీద కుదురుగా కూర్చుని రెక్కలు సర్దుకుంది.

విశాలాక్షి వాషింగ్ మెషీన్‌ను ఒంటిచేత్తో ఈడ్చింది. వెనకాల తడిలో, చీమల వరసల మధ్య, కొరికి పారేసిన బాదం ముక్కల కుప్ప. ఆమె అక్కడే పీట వేసుకుని కూర్చుండిపోయింది.

తర్వాత ఫణికి ఫోను చేసింది.

“బయటికొచ్చేశాడా మేడమ్? తలుపులు తియ్యడంలో వాడు పీహెచ్‌డీ. తీగ చుట్టమని సార్‌కు మరీ మరీ చెప్పానే!”

సాయంత్రం సార్ బూట్లు విప్పుతూ, “అవును, చెప్పాడు,” అన్నాడు. “ఆ రోజు ఆడిటు. మర్చిపోయాను.”

*

బుధవారం పొద్దున కబురు పంపకముందే గంట మోగింది. తలుపు తీసేసరికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. పోశమ్మ మెట్ల మొదట్లో, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చెప్పుల అర మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి ఉంది.

“దగ్గరికి రానమ్మా. అండ్ల కాయితం ఉన్నది, సూడుండ్రి. కార్పొరేషనోళ్ళ టెంటుల పరీక్ష చేపిచ్చుకున్న. నెగటివ్ అని రాసిండ్రంట, మా బిడ్డ సంధ్య సదివింది.”

విశాలాక్షి కవరు తీసింది. రెండు కాగితాలున్నాయి.

“గా రెండోది మా ఆయనది. మీకు అనుమానం ఉండొద్దని ఆయనకు గూడ చేపిచ్చిన. రానన్నడు, పాళీ పోతదన్నడు. గుంజుకపోయిన.” పోశమ్మ నవ్వింది. మాస్కు పైన కళ్ళ చుట్టూ ముడతలు పడ్డాయి. “ముక్కుల పుల్ల పెడితే లొల్లి లొల్లి చేసిండు పిల్లగాని లెక్క.”

కాగితాల మీద అక్షరాలు విశాలాక్షికి కనబడుతున్నాయి, చదవబుద్ధి కావడం లేదు. “లోపలికి రా పోశమ్మా,” అంది. కవరు తిరిగి ఆమె చేతికిచ్చింది.

“వస్తనమ్మా. రాజమ్మగారికి గూడ సూపెట్టొస్త.”

ఎదుటి తలుపు గొలుసు సాగినంత మేర తెరుచుకుంది. పోశమ్మ కాగితం చాచి పట్టుకుంది.

“మాకు వేరే మనిషి దొరికింది పోశమ్మా,” అంది రాజమ్మ లోపలినుంచే.

“మీరు గిది సూడలేదమ్మా...”

తలుపు పడింది. పోశమ్మ కాగితాలను వాటి పాత మడతల మీదే మడిచి, కవరులో పెట్టి, కవరును జాకెట్లో దోపుకుంది. వచ్చి తొట్టి దగ్గర కూర్చుంది. పక్షి తురాయి లేపి గురగురలాడింది. “బాగున్నవారా టోపీ దొరా,” అంది గాని, ఆ గొంతులో మునుపటి సరదా లేదు. పీచు మీద సబ్బు రుద్దుతూ తనలో తనే అంది. “రోగం లేదని సర్కారే రాసిచ్చె. ఇంకేం సూపెట్టాలె?”

మధ్యాహ్నం రాజమ్మ, తీసుకెళ్ళిన గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. వంటింటి వైపు కళ్ళతో చూపించి, గొంతు తగ్గించింది. “మళ్ళీ పెట్టుకున్నారా? ధైర్యమేనండీ మీది. రోగానికైతే టెంట్లు వేశారు, సరే. చేతివాటానికి ఏ టెంటులో పరీక్ష చేస్తారు?”

విశాలాక్షి నోరు తెరిచింది. పక్షండీ, పక్షి తిన్నది అంటే చాలు, అయిపోయేది. కాని ఆ వెనకే, మరి మీరు చెప్పారుగా అన్న మాట వస్తుంది. నేనెవరి పేరూ చెప్పలేదే అని తను అంటుంది. అదంతా ఒక్క క్షణంలో కళ్ళ ముందు కదిలింది.

“బట్టలు తడుస్తున్నట్టున్నాయి,” అని లోపలికి వెళ్ళిపోయింది. బాల్కనీలో బట్టలేమీ లేవు.

*

రాత్రి పప్పు మెత్తగా ఉడికింది. పంజరం మీద దుప్పటి కప్పి, పొయ్యి దగ్గరే నిలబడి విజిల్స్ లెక్కపెట్టింది విశాలాక్షి. పంజరం తలుపుకు రాగి తీగ చుట్టి ఉంది.

“ఇదీ పప్పంటే,” అన్నాడు మల్లికార్జునరావు. “పోశమ్మ వచ్చేసింది, దొంగ దొరికాడు, తీగ చుట్టాం. కథ కంచికి.”

విశాలాక్షి బాదం డబ్బాను బల్ల మీద నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని కూర్చుంది. వెనకవైపు గీత ఇటు తిరిగి ఉంది. ఆమె అన్నం కలపలేదు.

“రేపు పోశమ్మ రాగానే చెప్పేస్తాను,” అంది. “దగ్గుకు కాదు నిన్ను పొమ్మన్నది, దొంగవనుకుని అని.”

మల్లికార్జునరావు ముద్ద దించేశాడు. “నీకేమన్నా మతి పోయిందా? ఆమెకు తెలియనే తెలియదు. కాగితం చూపించింది, నువ్వు పనిలో పెట్టుకున్నావు. సంతోషంగా ఉంది. ఇప్పుడు నిన్ను దొంగనుకున్నామని చెప్పి ఏడిపించడం దేనికి?”

“సంతోషంగా లేదండీ. ఇంకేం చూపించాలి అని అడుగుతోంది. ఆమె చూపించేదాంతో రాజమ్మగారి తలుపు తెరుచుకోదు. ఆ తలుపు మూసింది నా మాట.”

“అయితే రాజమ్మగారితో మెల్లిగా చెప్పు. పోశమ్మతో ఎందుకు?”

“పోశమ్మకు తెలియకుండా రాజమ్మగారికి చెబితే, అది మా ఇద్దరి మధ్య గుసగుసే అవుతుంది. గుసగుసతోనే వచ్చింది ఇదంతా. ఇద్దరినీ నిలబెట్టే చెప్తాను. బాదం తిన్నది పక్షి, అనుమానపడింది నేను అని.”

“పేరు చెప్పలేదన్నావుగా?”

“చెప్పనక్కర్లేకుండా చెప్పాను.”

మనోజ్ఞ తల్లి వంకే చూస్తోంది. “మమ్మీ, అది విని పోశమ్మ మానేస్తేనో?”

బాల్కనీలో దుప్పటి కింద పక్షి కదిలింది. తీగ చుట్టిన తలుపును ముక్కుతో లాగి చూసుకున్న చప్పుడు, ఒకసారి, ఇంకోసారి.

“మానేస్తే మానేస్తుంది,” అంది విశాలాక్షి. చెంబులో వేళ్ళు ముంచి, తడివేలితో డబ్బా మీద గీత రుద్దింది. కాటుక చెదిరి వేలికి అంటుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి పప్పు గిన్నె మీద మూత పెట్టింది. “అప్పుడు గిన్నెలు మనమే తోముకుందాం. రోజుకొకరం. మీకు మజ్జిగ పొయ్యనా?”